రాతతో నడిచే చర్చా బోర్డులు: మీకు నప్పేదాన్ని ఎలా ఎంచుకోవాలి

పాత వాల్వ్ రేడియో ఒకటి బాగుచేస్తూ మూడు రోజులు తిప్పలు పడ్డాను. ఆన్ చేస్తే స్టేషన్ వస్తోంది, కానీ వెనకాల ఆగకుండా హమ్, అంటే గుయ్‌మనే శబ్దం. నాకు తెలిసిన రెండు చాట్ గ్రూపుల్లో అడిగాను. ఒకదాంట్లో నలుగురు నాలుగు మాటలు చెప్పేలోపే ఇంకెవరో వేరే సంగతి ఎత్తుకున్నారు, నా ప్రశ్న పైకి జరిగి కనపడకుండా పోయింది. రెండోదాంట్లో ఎవరూ పలకలేదు. నాలుగో రోజు వెతుకుతుంటే ఒక పాత చర్చా బోర్డులో ఏడేళ్ల కిందటి థ్రెడ్ దొరికింది. అడిగినాయన సమస్య అచ్చం నాదే. ముందు హమ్ శ్రుతి ఎంతో చూడమని ఎవరో ఆయనకి చెప్పారు. అది కరెంటు ఫ్రీక్వెన్సీతో సమానంగా ఉంటే ఎర్తింగో హీటర్ వైరింగో చూసుకోవాలి, దానికి రెట్టింపు ఉంటే పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లని అనుమానించాలి. ఆ కింద 11 రిప్లైలు. ఆపైన 14 నెలలు ఎవరూ ఏమీ రాయలేదు. తరువాత అడిగినాయనే తిరిగొచ్చి, రెండు కెపాసిటర్లు మార్చాను, హమ్ పోయింది, ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి అని రాశారు. నా రేడియో ఆ రాత్రే బాగయింది.

ఆ 14 నెలల ఎడమే అప్పట్నుంచి నాకు కొలబద్ద. రాతతో నడిచే చర్చల్లోకి కొత్తగా వద్దామనుకుంటున్నాను, ఎక్కడ చేరమంటారు అని ఎవరడిగినా నేను ముందు జనం ఎంతమంది అని చూడను. అక్కడ పాత మాట ఎన్నాళ్లు బతుకుతుంది, ఏడాది తరువాత వచ్చిన మనిషి దాని కిందే తన మాట చేర్చగలడా, సభ్యత్వం లేనివాళ్లకి కూడా అది వెతికితే దొరుకుతుందా అని చూస్తాను. ఇక్కడ చెప్పే పోలిక అంతా వీటి మీదే నడుస్తుంది. ఫొటోలు, వీడియోలు, వాయిస్ గదుల జోలికి పోవడం లేదు. అక్షరాలతో మాట్లాడుకునే చోట్ల గురించే చెబుతున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: చాటా, బోర్డా

రెండింట్లోనూ టైపు చేయడమే కాబట్టి పైకి ఒకేలా ఉంటాయి. చాట్‌లో మాటలన్నీ వచ్చిన వేళను బట్టి ఒకే వరసలో పడిపోతాయి. బోర్డులో ఒక్కో విషయానికి ఒక్కో థ్రెడ్, దానికో శీర్షిక ఉంటాయి. ఎప్పుడు రాసినా ఆ విషయానికి చెందిన మాట దాని కిందకే చేరుతుంది.

1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ మొదలుపెట్టిన ఐఆర్‌సీ అనే చాట్ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల వాళ్లు చాలామంది లిబెరా చాట్ నెట్‌వర్క్‌లో రోజూ కలుస్తుంటారు. అక్కడ మామూలుగా సర్వర్ పాత మాటల్ని దాచిపెట్టదు. మీరు లేనప్పుడు ఏం మాట్లాడుకున్నారో తెలియాలంటే, మీ తరఫున ఎప్పుడూ కనెక్ట్ అయి ఉండే బౌన్సర్ అనే ప్రోగ్రాముని ఎక్కడో ఒకచోట నడపాలి. డిస్కార్డ్ పాత మాటల్ని ఉంచుతుంది గానీ, అక్కడి చాట్ బయటి సెర్చ్ ఇంజన్లకి చిక్కదు. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన సందేశాలు కనిపించవు. నాకు పనికొచ్చిన ఆ థ్రెడ్ వీటిలో ఏ ఒక్కదాంట్లో ఉన్నా నాకు దొరికేది కాదు.

అలాగని చాట్‌ని తీసిపారేయను. సైట్ ఇప్పుడే పడిపోయింది, లాగ్ చూసి చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా అనే ప్రశ్నకి బోర్డులో జవాబు వచ్చేసరికి తెల్లారిపోతుంది. ఈ గంటలో తేలాల్సింది చాట్‌లో అడగండి. వచ్చే నెల కూడా మీకో ఇంకొకరికో పనికొచ్చేది అయితే బోర్డులో రాయండి. చాట్‌లో తేలిన సంగతిని తెచ్చి బోర్డులో రెండు పేరాలుగా పెట్టే మనుషులు కొన్ని సమూహాల్లో ఉంటారు. అలాంటి సమూహం కనిపిస్తే వదలకండి.

నల్ల తెర మీది బోర్డు: బీబీఎస్

1978 ఫిబ్రవరి 16న షికాగోలో మొదలైన సీబీబీఎస్‌ని మొదటి డయలప్ బీబీఎస్‌గా, అంటే ఫోన్ లైను మీద మోడెంతో చేరే బులెటిన్ బోర్డుగా లెక్కిస్తారు. మంచు తుఫాను వల్ల ఇల్లు కదలడానికి వీల్లేని రోజుల్లో వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు మిత్రులు తమ కంప్యూటర్ క్లబ్బు వాళ్ల కోసం దాన్ని తయారుచేశారు. ఫోన్ లైను ఒక్కటే. ఒకరు లోపల ఉంటే మిగతా అందరికీ ఎంగేజ్ టోన్ వినిపించేది. అందుకని లోపలికి వచ్చినవాళ్లు చెప్పదలుచుకున్నది ఒక్క సందేశంలో పూర్తిగా రాసి తప్పుకోవాలి, జవాబు కోసం మళ్లీ ఎప్పుడో వచ్చి చూసుకోవాలి. ఈ బోర్డుల్లో రాసేవాళ్లకి ఆ అలవాటు ఇంకా ఉంది. ఒక్కో సందేశం ఉత్తరంలా ఉంటుంది.

ఇప్పుడు మోడెం అక్కర్లేదు, ఇంటర్నెట్ మీదే పనవుతుంది. దూరపు కంప్యూటర్‌కి అక్షరాలతో కనెక్ట్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్. కొత్తవాళ్లు ఆ కమాండుతో కుస్తీ పడొద్దు. విండోస్‌లో అది ముందే ఆపేసి ఉంటుంది, మాక్‌లోనైతే 2017 నుంచి ఇవ్వడమే మానేశారు. సింక్‌టర్మ్ అనే ఉచిత ప్రోగ్రాం దించుకోండి. టెల్‌నెట్ బీబీఎస్ గైడ్ అనే జాబితాలో ఒక బోర్డు చిరునామా చూసి అందులో వేయండి. కనెక్ట్ కాగానే 80 అక్షరాల వెడల్పు, 25 వరసల ఎత్తు ఉన్న నల్ల తెర మీద రంగురంగుల అక్షరాలతో గీసిన బొమ్మ ఒక్కో వరసగా పరుచుకుంటుంది. దాని కింద లాగిన్ అడుగుతుంది. కొత్తవాళ్లయితే సాధారణంగా అక్కడ ‘న్యూ’ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొట్టాలి. హ్యాండిల్ ఏం కావాలో, పాస్‌వర్డ్ ఏమిటో ఒక్కొక్కటిగా అడుగుతుంది. కొన్ని బోర్డులు సిసాప్‌కి, అంటే బోర్డు నడిపే మనిషికి, నాలుగు మాటల్లో పరిచయం రాయమంటాయి. ఆ పెట్టెని ఖాళీగా వదలకండి. అవతల దాన్ని చదివేది ఒక మనిషి, చాలాసార్లు తిరుగు జవాబు కూడా రాస్తాడు.

లోపల మౌసుతో పనుండదు. ఒక్కో పనికి ఒక్కో అక్షరం, ఏది దేనికో మెనూలోనే రాసి ఉంటుంది. దారి తప్పినట్టు అనిపిస్తే ప్రశ్నార్థకం కొట్టండి, మెనూ మళ్లీ వస్తుంది. కొత్త సందేశాల స్కాన్ అని ఒకటుంటుంది, ముందు నేర్చుకోవాల్సింది అదే. ముందుసారి మీరు ఎక్కడిదాకా చదివారో బోర్డుకి గుర్తుంటుంది. అక్కడి నుంచి కొత్తవాటిని ఒక్కొక్కటే చూపించుకుంటూ పోతుంది. అన్నీ అయ్యాక ఇంక కొత్తవి లేవు అని చెప్పి ఆగిపోతుంది. నాకు ఈ ఆగిపోవడం అంటే చాలా ఇష్టం. చదవాల్సింది పూర్తయిందని మీకు ఎవరో చెప్పే చోట్లు ఇప్పుడు ఎన్ని మిగిలాయి?

జనం తక్కువ కదా అని అడగొచ్చు. తక్కువే. ఒక్కో బోర్డులో క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు పదీ ఇరవై మంది కూడా ఉండకపోవచ్చు. కానీ చాలా బోర్డులు ఒకదానికొకటి సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 1984లో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టిన ఫిడోనెట్ ఆ పని కోసమే పుట్టింది, ఇప్పటికీ ఉంది. డవ్‌నెట్, ఎఫ్‌ఎస్‌ఎక్స్‌నెట్ లాంటివీ ఉన్నాయి. మీరు చిన్న బోర్డులో కూర్చుని రాసిన మాట వేరే ఖండంలోని బోర్డులో కూడా కనిపిస్తుంది. అందుకే బోర్డు ఎంచుకునేటప్పుడు దాని సొంత సభ్యుల సంఖ్య కన్నా అది ఏ నెట్‌వర్క్‌లలో ఉందో చూడండి.

ఇబ్బందులూ చెప్పాలి. టెల్‌నెట్‌లో మీ పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా దారి పొడవునా అలాగే పోతుంది. ఆ బోర్డు ఎస్‌ఎస్‌హెచ్ (అన్నీ ముసుగులో పంపే పద్ధతి) ఇస్తే దాన్నే వాడండి, ఇవ్వకపోతే మరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టుకోండి. చాలా బోర్డులు ఇంకా పాత ఐబీఎం పీసీల 256 అక్షరాల పట్టిక మీదే నడుస్తాయి, కాబట్టి తెలుగులాంటి లిపులు అక్కడ కనిపించవు. బయటి సెర్చ్‌కి కూడా ఇవి దొరకవు. నా కొలబద్ద ప్రకారం ఇది పెద్ద లోటే. అయినా ఆ తీరిక, ఆ మనుషుల కోసం నేను ఒక బోర్డుకి వారం వారం వెళ్తాను.

నల్ల తెర అంటే చిన్న గుంపులకే అనుకునేవాళ్లు తైవాన్‌లోని పీటీటీ సంగతి తెలుసుకోవాలి. 1995లో తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు పెట్టిన బోర్డు అది. రద్దీ వేళల్లో లక్షన్నర మంది పైగా ఒకేసారి అందులో ఉన్న రోజులున్నాయి. 2019 డిసెంబరు 31న వుహాన్‌లో వింత న్యుమోనియా గురించి డాక్టర్ల మధ్య తిరుగుతున్న మాటల్ని ఒక సభ్యుడు అక్కడ పోస్టు చేశాడు. తైవాన్ వ్యాధి నియంత్రణ కేంద్రం అధికారి లో యీ-చున్ దాన్ని చదివి తన కేంద్రాన్ని అప్రమత్తం చేశారు. అక్కడ చర్చంతా చైనీస్‌లోనే జరుగుతుంది కాబట్టి మనలో చాలామందికి చేరడానికి పనికిరాదు. కానీ ఉత్త అక్షరాల తెర మీద ఎంత పని జరగగలదో చెప్పడానికి నేనెప్పుడూ దాన్నే చూపిస్తాను.

టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) అలవాటు ఉండి పని మీద మనసున్నవాళ్లకి ఎస్‌డీఎఫ్ అనేది ఇంకో దారి. 1987లో ఒక బీబీఎస్‌గా మొదలై తరువాత అందరికీ తెరిచిన యూనిక్స్ వ్యవస్థగా మారింది. ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి బీబోర్డ్ అనే కమాండ్ కొడితే చర్చలు వస్తాయి. యూనిక్స్ నేర్చుకోవడం, బోర్డులో రాయడం రెండూ ఒకేచోట జరిగిపోతాయి.

ఎవరి సొంతమూ కాని చోటు: యూజ్‌నెట్

డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో ఆలోచించి మరుసటి ఏడు నడిపించిన యూజ్‌నెట్ అనే చర్చల నెట్‌వర్క్‌కి యజమాని లేడు. మీ సందేశం ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి నకలవుతూ పోతుంది. ఒక సర్వర్ మూతపడినా చర్చ మిగతాచోట్ల ఉంటుంది. పాత మాట బతకాలన్న నా లెక్కలో దీనికి దాదాపు నిండు మార్కులు. దీని అవతలి పార్శ్వం కూడా గుర్తుంచుకోండి. ఒకసారి పంపింది మళ్లీ వెనక్కి తీసుకోవడం చేతిలో ఉండదు. అసలు పేరుతో రాస్తారా, మారుపేరుతోనా అన్నది మొదటి పోస్టుకి ముందే తేల్చుకోండి.

చేరడం తేలికే. థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాంలోనే న్యూస్‌గ్రూపుల (యూజ్‌నెట్ చర్చా గ్రూపుల) సదుపాయం ఉంది. ఎటర్నల్ సెప్టెంబర్ అనే సర్వర్ ఉచితంగా అకౌంటు ఇస్తుంది, రాత ఉన్న గ్రూపులు మాత్రమే మోస్తుంది. ఎప్పటికీ ముగియని సెప్టెంబరు అన్న ఆ పేరు వెనక ఒక చరిత్ర ఉంది. ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులు యూజ్‌నెట్‌లోకి వచ్చేవారు, పద్ధతులు తెలియక కొన్నాళ్లు గందరగోళం చేసేవారు, పాతవాళ్లు నేర్పేవారు, సర్దుకునేది. 1993 సెప్టెంబరు నుంచి కొత్తవాళ్ల రాక ఆగలేదు, నేర్పడానికి పాతవాళ్లు చాలలేదు. ఏ బోర్డుకైనా ఇదే గండం. జనం పెరగడం వల్ల నష్టం ఏమీ లేదు. పద్ధతి నేర్పే తీరిక లేనంత తొందరగా పెరిగితేనే బోర్డు చెడుతుంది.

2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్ ద్వారా యూజ్‌నెట్‌లోకి కొత్త పోస్టులు రావడం ఆగిపోయింది. దాంతోపాటు ఆ దారిన వచ్చే స్పామ్ కూడా ఆగింది. ప్రోగ్రామింగ్ భాషలు, పాత కంప్యూటర్ల లాంటి విషయాల మీద ఇంకా గట్టి చర్చలు జరిగే గ్రూపులు ఉన్నాయి. మిగతా చాలా గ్రూపులు నిర్మానుష్యం. మీ విషయానికి సంబంధించిన గ్రూపు తెరిచి ఈ నెలలో ఎన్ని నిజమైన సందేశాలు వచ్చాయో లెక్కపెట్టండి, అంతకుమించి ఆలోచించనక్కర్లేదు. మోడరేటర్లు లేని గ్రూపులే ఎక్కువ కాబట్టి నోటి దురుసు మనుషులు తగులుతారు. వాళ్ల పోస్టులు మీకు కనిపించకుండా చేసే కిల్‌ఫైల్‌ని మొహమాటం లేకుండా వాడుకోండి.

వెబ్ బోర్డులు: ఎక్కువమందికి సరిపోయేవి

నిజం చెప్పాలంటే, నన్ను అడిగే పదిమందిలో ఏడెనిమిది మందికి నేను చెప్పేది ఇదే. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ఏ లిపి అయినా కనిపిస్తుంది, సభ్యత్వం లేకుండా చదవొచ్చు, సెర్చ్‌కి దొరుకుతుంది. నాకు రేడియో థ్రెడ్ దొరికింది ఇలాంటి చోటే. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు తగులుతాయి, వాటి స్వభావాలు వేరు.

ఒకటి 2000లో వచ్చిన పీహెచ్‌పీబీబీ అనే బోర్డు సాఫ్ట్‌వేర్ తరహా పాత పద్ధతి. విభాగాలు, వాటిలో థ్రెడ్లు, థ్రెడ్‌లో పేజీలు. ఎవరైనా కొత్తగా రిప్లై ఇస్తే ఆ థ్రెడ్ జాబితాలో పైకి లేస్తుంది. ఐదేళ్ల కిందటిదైనా సరే ఒక్క రిప్లైతో అందరి కళ్ల ముందుకు వస్తుంది. రేడియోలు, కెమెరాలు, కుట్టుమిషన్లు, సైకిళ్లు లాంటి వస్తువుల మీద ఏళ్ల తరబడి పోగైన తెలివంతా ఎక్కువగా ఇలాంటి బోర్డుల్లోనే ఉంది. రూపం పాతబడింది, ఫోన్‌లో చదవడం కొంచెం కష్టం. 80 పేజీల థ్రెడ్ ఎదురైతే అందులో అసలు జవాబు 43వ పేజీలో ఉండొచ్చు. ఓపిక కావాలి. కొన్ని బోర్డుల్లో పాత థ్రెడ్‌ని కదిపితే మోడరేటర్లు కోప్పడతారు. చేరేముందు నియమాల్లో ఈ సంగతి ఒక్కటి తప్పకుండా చూడండి. విషయానికి సంబంధించిన మాటే అయినా పాతదాని కింద రాయొద్దనే చోటు నాకు నచ్చదు.

రెండోది డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్. జెఫ్ ఆట్‌వుడ్, ఆయన మిత్రులు 2013లో బయటపెట్టారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష సమూహం చర్చలు దీని మీదే నడుస్తాయి. పేజీలు ఉండవు, స్క్రోల్ చేస్తూ పోవడమే. పక్కన తేదీల పట్టీ ఉంటుంది, దాన్ని లాగితే థ్రెడ్‌లో కావలసిన నెలకి వెళ్లొచ్చు. మీరు కొత్త థ్రెడ్‌కి శీర్షిక టైపు చేస్తుండగానే అలాంటివి ఇంతకుముందు ఏమున్నాయో చూపిస్తుంది. అడిగిందే అడగడం దీనివల్ల చాలా తగ్గుతుంది. కొత్త సభ్యులకి ఇందులో నమ్మకపు మెట్లు ఉంటాయి, సున్నా నుంచి నాలుగు దాకా. చేరగానే సున్నాలో ఉంటారు, ఒక్కో పోస్టులో రెండు లింకుల కన్నా ఎక్కువ పెట్టనివ్వదు. బోర్డువాళ్లు మార్చకపోతే, ఐదు థ్రెడ్లు తెరిచి, 30 పోస్టులు చదివి, మొత్తం పది నిమిషాలు చదవడంలో గడిపితే ఒకటో మెట్టు ఎక్కిస్తుంది. ఎంత రాశారని అడగదు, ఎంత చదివారని చూస్తుంది. ఇది ఆలోచించి పెట్టిన నియమం, నాకు ఎంతో నచ్చింది. చేరిన గంటలోనే పోస్టు ఆగిపోయిందని, లింకు పెట్టనివ్వలేదని చిరాకుపడి వెళ్లిపోయేవాళ్లని చూశాను. అరగంట చదువుకుంటే దారి అదే తెరుచుకుంటుంది.

ఇవి రెండూ ఎదురుగా ఉంటే దేనిలో చేరాలి? సాఫ్ట్‌వేర్‌ని చూసి తేల్చకండి. మీ విషయంలో లోతైన పాత థ్రెడ్లు ఎక్కడున్నాయో అక్కడికే వెళ్లండి.

ఓట్ల మీద నడిచేవి

రెడిట్ 2005లో మొదలైంది. లెక్కలేనన్ని విషయాలకి అక్కడ సబ్‌రెడిట్లు అనే విభాగాలు ఉన్నాయి, జవాబు గంటలోపే రావచ్చు. కానీ ఏది పైన కనిపించాలో ఓట్లు, సమయం కలిసి తేలుస్తాయి. కొత్త రిప్లై వచ్చినంత మాత్రాన పాత పోస్టు పైకి లేవదు. రెండో రోజు సాయంత్రానికి చర్చ చల్లారిపోతుంది. మూడో రోజు మీరు ఎంత మంచి జవాబు రాసినా దాన్ని చూసేది అడిగిన మనిషి ఒక్కడే. అంటే మాట దాగి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, కానీ సంభాషణ అక్కడితో ఆగిపోయినట్టే. పైగా సంస్థ నిర్ణయాలు మీ చేతిలో ఉండవు. 2023లో ఏపీఐకి (బయటి యాప్‌లు రెడిట్‌లోని మాటల్ని తెచ్చుకునే దారికి) డబ్బు వసూలు మొదలుపెట్టినప్పుడు అపోలో లాంటి బయటి యాప్‌లు జూన్ 30తో మూతపడ్డాయి, వాటికి అలవాటుపడ్డవాళ్లు దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

అదే తరహాలో, కానీ వేరువేరు సర్వర్లు కలిసి నడిపేది లెమ్మీ. ఒక సర్వర్‌లో అకౌంటు ఉంటే మిగతావాటిలో కూడా రాయొచ్చు. మీరు చేరిన సర్వర్ మూతపడితే మీ అకౌంటు పోతుంది కాబట్టి దాన్ని నడిపేవాళ్లు ఎన్నాళ్ల నుంచి ఉన్నారో చూసి చేరండి. ఒక విషయం మీద ఎక్కువమంది అభిప్రాయం త్వరగా తెలుసుకోవాలంటే ఈ రకం మంచిది. ఒకే సమస్యతో ఆరు నెలలు కూర్చోవాల్సి ఉంటే దీన్ని ఎంచుకోకండి.

పేరూ అకౌంటూ లేకుండా రాసే అనామక బోర్డులూ ఉన్నాయి, జపాన్‌లో 1999లో వచ్చిన నిచానెల్ వాటికి పెద్దన్న. ఎవరు రాశారన్న గుర్తు ఉండదు కాబట్టి పాత మాటకి మనిషి తోడు ఉండడు. తొలి అడుగు అక్కడ వేయొద్దనే నా సలహా.

చేరే ముందు ఒక గంట

ఏ రకమైనా సరే, అకౌంటు తెరిచే ముందు ఒక గంట కేటాయించండి. మీకు బాగా తెలిసిన విషయం ఒకటి సెర్చ్‌లో వేయండి, తెలియనిది కాదు. వచ్చిన జవాబులు సరైనవో కాదో మీరే చెప్పగలరు, తప్పు చెప్పినవాళ్లని అక్కడ ఎలా సరిదిద్దారో కూడా కనిపిస్తుంది. మర్యాదగా సరిదిద్ది కారణం చెప్పారా, వెక్కిరించి వదిలేశారా? తరువాత మూడేళ్ల కిందటి థ్రెడ్లు ఓ అరడజను తెరవండి. లింకులు ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని థ్రెడ్లు అడిగిన మనిషి తిరిగొచ్చి ఫలితం చెప్పడంతో ముగిశాయి? చివరగా, మొదటి పోస్టు రాసిన కొత్తవాళ్లని వెతికి వాళ్లకి ఏం రిప్లై వచ్చిందో చదవండి. రేపు మీకు దక్కేది కూడా అదే.

బోర్డు నడిపేది ఎవరో, ఖర్చు ఎలా నెట్టుకొస్తున్నారో ఎక్కడైనా రాసి ఉంటే అదీ చదవండి. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడింది. అంతకు ముందే అక్కడ పోగైన పాత సందేశాల్ని తీసేశారు. పెద్ద సంస్థ నీడలో ఉంటే మాట పదిలం అనుకోవడానికి లేదు. ఒక్క మనిషి జేబులోంచి నడిపే బోర్డు ఇరవై ఏళ్లుగా నిలబడటమూ చూస్తున్నాం. బ్యాకప్ తీస్తున్నామని, తరువాత ఎవరు చూసుకుంటారో తేల్చామని పైకి చెప్పే బోర్డు అంటే నాకు గౌరవం.

మొదటి పోస్టు

రెండు వారాలు చదివాక రాయండి. చాలామంది మొదటి పోస్టు ఇలా ఉంటుంది: ‘నా రేడియోలో శబ్దం వస్తోంది, ఏం చేయాలి? అర్జెంట్.’ శీర్షిక ‘హెల్ప్ ప్లీజ్’. దీనికి జవాబు చెప్పాలంటే అవతలివాళ్లు ముందు పది ప్రశ్నలు అడగాలి, అంత ఓపిక ఎవరికీ ఉండదు.

అదే మాట ఇలా రాసి చూడండి. శీర్షికలో వస్తువు, లక్షణం రెండూ ఉండాలి: ‘ఐదు వాల్వుల రేడియో: వాల్యూమ్ తగ్గించినా తగ్గని హమ్’. లోపల మొదటి వాక్యంలో సమస్య, తరువాత మీరు ఏం చేసి చూశారు, దాంతో ఏమైంది, ఇప్పుడు మీ అనుమానం దేని మీద. ‘వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ అంతే ఉంది. ఏరియల్ తీసేసి చూశాను, తేడా లేదు. ఫోన్‌లో రికార్డ్ చేసి చూస్తే 100 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తోంది. ఫిల్టర్ కెపాసిటర్ అనుకుంటున్నాను, మార్చే ముందు ఇంకేమైనా చూడాలా?’ ఈ నాలుగు వాక్యాలు చదివిన నిపుణుడు రిప్లై ఇవ్వకుండా ఉండలేడు, ఎందుకంటే సగం పని మీరే చేసి పెట్టారు. ఏడేళ్ల తరువాత ఇదే సమస్యతో వెతికే మనిషికి కూడా ఆ శీర్షికే దారి చూపిస్తుంది.

రిప్లై ఇచ్చేటప్పుడు అవతలివాళ్ల పోస్టు మొత్తాన్ని కోట్ చేయొద్దు. ఏ వాక్యానికి జవాబు చెబుతున్నారో ఆ వాక్యం మాత్రం ఉంచి దాని కింద రాయండి. యూజ్‌నెట్‌లో, బీబీఎస్‌లలో కోట్ చేసిన వరసకి ముందు > గుర్తు ఉంటుంది, దాని కింద మీ మాట. 1995 అక్టోబరులో వచ్చిన నెటికెట్ మార్గదర్శకాల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 1855, అప్పుడే ఈ మాట చెప్పింది: మీ జవాబు అర్థం కావడానికి ఎంత కావాలో అంతే కోట్ చేయండి. సంతకం నాలుగు వరసలు దాటొద్దని కూడా అందులోనే ఉంది.

పెద్ద పోస్టు ఏదైనా ముందు మీ కంప్యూటర్‌లోని మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకుని తరువాత బోర్డులో అతికించండి. లాగిన్ గడువు తీరినా, కనెక్షన్ తెగినా రాసింది పోదు. పైగా మీరు రాసినవన్నీ మీ దగ్గర కూడా ఉంటాయి. నేను నెలకో ఫైలు పెట్టుకుని అందులోనే రాస్తాను, పైన తేదీ, బోర్డు పేరు, థ్రెడ్ శీర్షిక వేసుకుంటాను.

సొంతంగా పెట్టాలనుకుంటే

కొందరు చేరడంతో ఆగరు, తమ సమూహానికి సొంత బోర్డు కావాలంటారు. మామూలు షేర్డ్ హోస్టింగ్ ఉంటే పీహెచ్‌పీబీబీ సరిపోతుంది, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉంటే నడుస్తుంది. డిస్కోర్స్‌కి సొంత సర్వర్, కనీసం 1 జీబీ ర్యామ్, మెయిల్ పంపే ఏర్పాటు కావాలి. నల్ల తెర మీద మోజు ఉంటే సింక్రోనెట్ అనే బీబీఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. 20 మందికి మించని గుంపుకి నేను పీహెచ్‌పీబీబీ చెబుతాను. స్పామ్‌ని రోజూ చూసుకునే మనుషులు ఇద్దరు దొరికాకే సభ్యత్వం అందరికీ తెరవండి. మొదటి రోజు విభాగాలు రెండే పెట్టండి. పదిహేను ఖాళీ విభాగాలు చూస్తే వచ్చినవాళ్లు వెనక్కి తిరుగుతారు. మూడోది కావాలని సభ్యులే అడుగుతారు, అప్పుడు పెట్టొచ్చు.